నానోట్యూబుల బలం రెసిన్‌లోకి ఎందుకు దిగదు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కార్బన్ ఫైబర్, గ్లాస్ ఫైబర్ కాంపోజిట్లలో కార్బన్ నానోట్యూబులు కలపడం గురించి ఈ శీర్షికకు ఈ మధ్య ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఈ విషయం కొత్తగా చదివేవారి కోసం ముందుగా ఒక మాట. కాంపోజిట్ అంటే ఫైబర్ గుడ్డను పొరలు పొరలుగా పరచి, ఎపాక్సీ వంటి రెసిన్‌తో తడిపి గట్టిపరచిన పలక. అందులో వాడే కార్బన్ ఫైబర్ పోగు వ్యాసం దాదాపు 7 మైక్రోమీటర్లు. నానోట్యూబు అంటే కార్బన్ అణువుల పొరను చుట్ట చుట్టినట్లుండే గొట్టం. ఒకటి కంటే ఎక్కువ గోడలున్న రకంలో వ్యాసం 10 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఫైబర్ పోగును కొబ్బరిచెట్టు మానంత లావు అనుకుంటే, దాని పక్కన నానోట్యూబు కుట్టు దారమంత ఉంటుంది. ఈ కొలతల తేడాను గుర్తుంచుకుంటే కింది జవాబుల్లో సగం వాటంతట అవే బోధపడతాయి.

ప్రశ్న: నానోట్యూబు యంగ్ గుణకం (లాగితే సాగకుండా నిలిచే గట్టిదనపు కొలత) 1000 గిగాపాస్కల్స్ అని పుస్తకాల్లో ఉంది. మా ప్రాజెక్టులో ఎపాక్సీకి 0.5 శాతం నానోట్యూబులు కలిపి, ఒకే దిశలో పరచిన కార్బన్ ఫైబర్‌తో పలకలు చేసి లాగి చూశాం. కలిపిన పలకకూ కలపని పలకకూ తేడా కనిపించలేదు. మా పొరపాటు ఎక్కడుంది?
– మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ ప్రయోగం సరిగానే ఉంది, ఆ పరీక్షలో తేడా కనిపించకపోవడమే న్యాయం. ఒక చిన్న లెక్క వేసి చూడండి. బరువులో 0.5 శాతం అంటే ఘనపరిమాణంలో అంతకంటే తక్కువే అవుతుంది గాని, ఉదారంగా 0.5 శాతమనే అనుకుందాం. ట్యూబులన్నీ వంకర లేకుండా ఒకే దిశలో నిలిస్తే రెసిన్‌కు అదనంగా వచ్చేది 5 గిగాపాస్కల్స్. అవి అన్ని దిశల్లోనూ చెదిరి ఉంటాయి కాబట్టి అందులో ఐదో వంతు, అంటే 1 గిగాపాస్కల్ మాత్రమే దక్కుతుంది. కాబట్టి 3 గిగాపాస్కల్స్ ఉన్న ఎపాక్సీ 4 అవుతుంది. రెసిన్ వరకు చూస్తే ఇది చిన్న లాభమేమీ కాదు. కానీ మీ పలకలో 60 శాతం ఫైబర్ ఉందనుకుంటే, 230 గిగాపాస్కల్స్ గుణకం ఉన్న ఆ ఫైబర్ ఒక్కటే 138 గిగాపాస్కల్స్ ఇస్తుంది. రెసిన్ వాటా నానోట్యూబులు లేనప్పుడు 1.2, ఉన్నప్పుడు 1.6. మొత్తం 139.2 నుంచి 139.6కు పెరిగిందన్నమాట. మీ యంత్రంలో నమూనాను బిగించడంలో వచ్చే తేడాయే ఇంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఫైబర్ దిశలో లాగినప్పుడు భారమంతా ఫైబరే మోస్తుంది. అక్కడ నానోట్యూబుకు పని లేదు. పలక బలహీనత వేరే చోట ఉంది: రెండు పొరల మధ్య కేవలం రెసిన్ మాత్రమే ఉండే సన్నని సందులో. విమానం రెక్క మీద పనివాడి చేతిలోంచి పానా జారిపడినా పైకి ఏమీ కనిపించకుండా లోపల పొరలు విడిపోయేది అక్కడే. కాబట్టి మీరు చేయవలసింది పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోకుండా ఎంత బలాన్ని తట్టుకుంటాయో కొలిచే షార్ట్ బీమ్ షియర్ పరీక్ష, పొరల మధ్య పగులు ఎంత శక్తి తీసుకుని ముందుకు సాగుతుందో కొలిచే డబుల్ కాంటిలీవర్ బీమ్ పరీక్ష, వీలైతే ఫైబర్ దిశలోనే అదిమి చూసే పరీక్ష. అదిమినప్పుడు సన్నని ఫైబర్లు పక్కకు వంగిపోకుండా పట్టి ఉంచేది రెసినే కనుక, అక్కడ రెసిన్ గట్టిదనానికి విలువ వస్తుంది. 2005లో జర్మనీలోని హాంబుర్గ్-హార్బుర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్లాస్ ఫైబర్ కాంపోజిట్‌లో రెసిన్‌తో రసాయనికంగా కలిసే అమీన్ సమూహాలు అతికించిన రెండు గోడల నానోట్యూబులను 0.3 శాతం మాత్రమే వాడి, పొరల మధ్య షియర్ బలంలో దాదాపు 20 శాతం పెరుగుదల చూపించారు. అదే పలకలో లాగుడు బలం మాత్రం చెప్పుకోదగినంతగా మారలేదు. మీ ఫలితమూ అదే కథ చెబుతోంది.

ఇక కలపడం సంగతి. మీరు ఎలా కలిపారో ఉత్తరంలో రాయలేదు గాని, ఇలాంటి ప్రాజెక్టులు సాధారణంగా చెడిపోయేది అక్కడే. ఒక కిలో రెసిన్‌కు 0.5 శాతం అంటే 5 గ్రాములు. గ్రాముకు 250 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న నానోట్యూబులైతే, ఆ 5 గ్రాముల ఉపరితలం 1250 చదరపు మీటర్లు. మన భూముల లెక్కలో దాదాపు 31 సెంట్లు. అంత నేలనూ ఒక కిలో రెసిన్‌తో తడపాలి. పైగా ట్యూబులు ఒకదానికొకటి అంటుకునే గుణం వల్ల, రవ్వ ఉండ కట్టినట్లు ఉండలు కడతాయి. నా తొలి రోజుల్లో డ్రిల్లింగ్ మిషన్‌కు చువ్వ బిగించి అరగంట సేపు తిప్పిన రెసిన్ కంటికి నల్లగా, నున్నగా, కాటుకలా కనిపించింది. ఒక చుక్క తీసి రెండు గాజు పలకల మధ్య అదిమి మైక్రోస్కోపు కింద పెడితే అక్కడక్కడా నల్లని ఉండలు, వాటి మధ్య ఏమీ లేని తెల్ల రెసిన్. ఉండ లోపలికి రెసిన్ పోదు కాబట్టి అది బలాన్ని ఇవ్వకపోగా పగులు మొదలయ్యే చోటుగా మారుతుంది. మూడు రోలర్ల మిల్లులో, రోలర్ల మధ్య సందు మెల్లగా తగ్గిస్తూ పలుమార్లు నడపడం ఇప్పటికీ నమ్మదగిన పద్ధతి. అల్ట్రాసౌండ్ చువ్వతో విడదీయవచ్చు కాని, ఎక్కువసేపు పెడితే ట్యూబులు విరిగి పొట్టివవుతాయి.

శాతం పెంచుదామన్నా దారి మూసుకుపోతుంది. ఒక శాతం దాటేసరికి రెసిన్ బంకలా చిక్కబడి, వాక్యూమ్‌తో పీల్చినా గుడ్డలోకి పారదు. పారినా మరో చిక్కు ఉంది: దగ్గర దగ్గరగా ఉన్న ఫైబర్ పోగులు జల్లెడలా పనిచేసి, రెసిన్ ప్రవేశించే మొదట్లోనే ట్యూబులను ఆపేస్తాయి. పలక ఒక చివర నల్లగా, రెండో చివర లేతగా కనిపించిందంటే కారణం అదే. కార్బన్ ఫైబర్ తానే నలుపు కాబట్టి మీకు ఇది కంటికి ఆనదు. ఒకసారి గ్లాస్ ఫైబర్‌తో చేసి చూడండి, వెంటనే బయటపడుతుంది.

విరిగిన ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసే అవకాశం మీ కళాశాలలో ఉంటే తప్పక చూడండి. కోత కోసిన మడిలో వరి కొయ్యల మాదిరి ట్యూబులు పైకి లేచి కనిపిస్తాయి. కొయ్యలు పొడవుగా ఉంటే రెసిన్ పట్టు తక్కువై అవి ఊడి వచ్చాయని, మరీ పొట్టిగా ఉంటే పట్టు ఎక్కువై తెగిపోయాయని అర్థం. ఊడివచ్చేటప్పుడు రాపిడికి ఖర్చయ్యే శక్తి వల్లే పగులు నెమ్మదిస్తుంది కనుక, పట్టు మితిమీరినా నష్టమే.

ప్రశ్న: మేము ఎలక్ట్రానిక్ పరికరాలకు అల్యూమినియం పెట్టెల బదులు కార్బన్ ఫైబర్ పెట్టెలు చేయాలనుకుంటున్నాం. లోపలి వేడి బయటికి పోవడం లేదు. నానోట్యూబు ఉష్ణవాహకత 3000 అంటారు కదా, ఒక శాతం కలిపినా 30 రావాలి. వస్తుందా?
– డిజైన్ ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: రాదు. దాని దరిదాపులకు కూడా రాదు. ఎందుకు రాదన్నది ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం కాబట్టి కాస్త విస్తారంగా చెబుతాను.

మీరన్న 3000 అంకె నిజమే. 2001లో ఒక్క నానోట్యూబును సన్నని వేదికల మధ్య వేలాడదీసి కొలిచినప్పుడు గది ఉష్ణోగ్రత వద్ద మీటరుకు, కెల్విన్‌కు 3000 వాట్లకు పైగా వచ్చింది. రాగికి 400, మీ అల్యూమినియం మిశ్రమానికి 170 ప్రాంతం, ఎపాక్సీకి 0.2. ఆ మరుసటి ఏడాది అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎపాక్సీకి ఒక శాతం ఒంటిగోడ నానోట్యూబులు కలిపి కొలిస్తే 125 శాతం పెరుగుదల కనిపించింది. శాతాల్లో చెబితే ఘనంగా ఉంటుంది. అసలు విలువల్లో చెబితే 0.2 కాస్తా 0.45 అయిందంతే. మీరు ఆశించిన 30 ఎక్కడ, ఈ 0.45 ఎక్కడ?

ఇటువంటి పదార్థాల్లో వేడిని మోసేవి ఫోనాన్లు, అంటే అణువుల కంపన తరంగాలు. ట్యూబు లోపల కార్బన్ అణువులు గట్టి బంధాలతో బిగుసుకుని ఉన్నందున కంపనాలు వేగంగా, అడ్డు లేకుండా పరుగెడతాయి. ఎపాక్సీ మెత్తని పదార్థం, దాని కంపనాల తీరు వేరు. ఒక పక్క నుంచి వచ్చిన తరంగం రెండో పక్కకు సులువుగా దిగక హద్దు దగ్గర చాలావరకు వెనక్కి తిరుగుతుంది. రెండు పదార్థాల హద్దులో వేడికి ఎదురయ్యే ఈ నిరోధాన్ని 1941లో ద్రవ హీలియం మీద పనిచేస్తూ తొలిసారి గమనించిన భౌతికశాస్త్రవేత్త ప్యోత్ర్ కపిత్సా పేరుతో పిలుస్తారు. నీటిలో సబ్బు వంటి అణువులతో చుట్టిన నానోట్యూబుల మీద 2003లో ఇలినాయ్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని కొలిచినప్పుడు, చదరపు మీటరుకు, కెల్విన్‌కు 12 మెగావాట్లు మాత్రమే హద్దు దాటగలవని తేలింది. దీన్ని ఎపాక్సీ మందంలోకి మార్చండి: 0.2ను 12 మెగావాట్లతో భాగిస్తే దాదాపు 17 నానోమీటర్లు. అంటే 10 నానోమీటర్ల ట్యూబు చుట్టూ, దానికంటే మందమైన రెసిన్ దుప్పటి ఒకటి కప్పినట్లే లెక్క. వేడి ఒక ట్యూబులోంచి బయటపడి మరో ట్యూబులోకి ఎక్కాలంటే ఆ దుప్పటిని రెండుసార్లు దాటాలి.

ఇదే ట్యూబు విద్యుత్తుకు మాత్రం వేరేలా ప్రవర్తిస్తుంది. 2003లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఎపాక్సీలో బరువుకు 0.0025 శాతం నానోట్యూబులతోనే విద్యుత్ మార్గం ఏర్పడడం చూపించారు. ఎపాక్సీ విద్యుత్తుకు దాదాపు పూర్తి నిరోధకం కనుక, ట్యూబులు ఒకదానికొకటి దగ్గరై సన్నని తోవ ఏర్పడినా కరెంటంతా ఆ తోవనే పోతుంది. వేడికి అటువంటి తోవ ఉండదు. ట్యూబుకు, ఎపాక్సీకి ఉష్ణవాహకతలో తేడా పదివేల రెట్ల స్థాయిలోనిదే కాబట్టి వేడి ఎప్పుడూ రెసిన్‌లోకి కూడా కారిపోతూనే ఉంటుంది. గ్లాస్ ఫైబర్ పలకలో నానోట్యూబుల తోవ ఎక్కడ తెగిందో విద్యుత్ నిరోధం ద్వారా కనిపెట్టి, కంటికి ఆనని పగుళ్లను పట్టుకునే పద్ధతి ఈ విద్యుత్ గుణం మీదే ఆధారపడింది. నన్నడిగితే నానోట్యూబులు నిజంగా రాణించే పని అదే.

రసాయన సమూహాలు అతికించి ట్యూబును రెసిన్‌కు గట్టిగా కట్టేస్తే హద్దు నిరోధం తగ్గదా అని మీకు అనిపించవచ్చు. తగ్గుతుంది. కానీ అలా అతికించిన ప్రతి చోటా ట్యూబు గోడలో ఒక లోపం ఏర్పడి, లోపలి ఫోనాన్లు అక్కడ చెదిరిపోతాయి. బలం కోసం చేసే ఈ పని ఉష్ణవాహకతకు ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంటుంది.

మీ పెట్టె విషయానికి వస్తే, కార్బన్ ఫైబర్ పలకలో మందం దిశలో ఉష్ణవాహకత సాధారణంగా 1 కంటే తక్కువే. నానోట్యూబులు కలిపినా అది అల్యూమినియం దరికి చేరదు. తారు వంటి పిచ్ అనే పదార్థం నుంచి తయారయ్యే కార్బన్ ఫైబర్లలో కొన్ని తమ పొడవు దిశలో రాగిని మించి వేడిని మోస్తాయి. వాటితో వేడిని పెట్టె గోడ వెంట పక్కకు లాగి, ఒకచోట లోహపు దిమ్మెకు అప్పగించడం మేలు. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే అక్కడ పెట్టండి.

ప్రశ్న: ఉపగ్రహాలు గంటన్నరకోసారి ఎండలోకి, నీడలోకి వస్తాయి కదా. ఆ వేడికీ చలికీ కాంపోజిట్ పలకలు పగలకుండా నానోట్యూబులు సాయపడతాయా?
– విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, సూళ్లూరుపేట

జవాబు: కొంతవరకు సాయపడతాయండీ. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం రోజుకు సుమారు 16 ప్రదక్షిణలు చేస్తుంది, అంటే ఏడాదికి 5,800 పైచిలుకు సార్లు కాగి చల్లారుతుంది. కార్బన్ ఫైబర్‌కు ఒక వింత గుణం ఉంది: పొడవు దిశలో దాని వ్యాకోచ గుణకం రుణాత్మకం, చల్లబడితే అది రవ్వంత సాగుతుంది. ఎపాక్సీ దీనికి పూర్తిగా విరుద్ధం, దాని గుణకం డిగ్రీకి మిలియన్‌లో 55 వంతుల ప్రాంతం. 180 డిగ్రీల వద్ద గట్టిపడిన రెసిన్ మైనస్ 100 డిగ్రీలకు చేరేసరికి, గుణకం మారదనుకుని లెక్కేస్తే, మీటరుకు 15 మిల్లీమీటర్లు కుదించుకోవాలని చూస్తుంది; పక్కనే ఉన్న ఫైబర్ అందుకు ఒప్పుకోదు. ఆ పెనుగులాటలో రెసిన్ లోపల లాగుడు ప్రతిబలం ఎప్పుడూ నిలిచే ఉంటుంది. అది కట్టలు తెంచుకున్న చోట ఫైబర్ వెంట సన్నని పగులు పుడుతుంది. వ్యాకోచం దాదాపు లేని నానోట్యూబులు రెసిన్‌లో బాగా చెదిరి ఉంటే దాని కుదింపును కొంత అదుపు చేస్తాయి, పుట్టిన పగులుకు వంతెనలుగా నిలిచి అది పెరగకుండా చూస్తాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. రెసిన్ మెత్తబడడం మొదలయ్యే ఉష్ణోగ్రత నానోట్యూబులు కలిపితే పెరుగుతుందని కొందరు, తగ్గుతుందని కొందరు ప్రకటించారు. రెండూ నిజం కావచ్చు. ట్యూబుల మీది అమీన్ సమూహాలు రెసిన్‌తో తామే కలిసిపోతే రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ పాళ్లు మారిపోతాయి. దాన్ని సరిచూసుకోకుండా చేసిన పోలికలకు విలువ లేదు.

2011 ఆగస్టు 5న బయలుదేరి గురుగ్రహాన్ని చేరిన జూనో నౌకలో నానోట్యూబుల పలుచని పొర వాడారు. అయితే బలం కోసమో వేడి కోసమో కాదు, ఉపరితలం మీద పేరుకునే స్థిర విద్యుత్తును పారదోలడానికి. ముందు ప్రశ్నలో నేను చెప్పిన విద్యుత్ గుణమే ఇక్కడా అక్కరకు వచ్చింది.

ప్రశ్న: ఉక్కు మీద అలల వంటి గీతలుండే పాతకాలపు డమాస్కస్ కత్తుల్లో నానోట్యూబులు దొరికాయని, ఆ ఉక్కు మా జిల్లా కోనసముద్రం నుంచి వెళ్లిందని విన్నాను. అంటే మన కమ్మరులు నానో కాంపోజిట్లు చేసినట్లేనా?
– చరిత్ర అధ్యాపకురాలు, నిజామాబాద్

జవాబు: మొదటి మాటకు ఆధారం ఉంది. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, మిగిలిన దానిలో నానోట్యూబులను, వాటి లోపల ఇనుము–కార్బన్ సమ్మేళనమైన సిమెంటైట్ తీగలను చూశామని ప్రకటించారు. కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించడం, దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు రావడం కూడా నమోదైన చరిత్రే. కానీ ఆ ఒక్క కత్తి ఉక్కు కోనసముద్రానిదేనని ఎవరూ రుజువు చేయలేదు. ఆ కత్తి పదునుకు కారణం ట్యూబులేనని కూడా తేలలేదు. మూస ఉక్కులో సిమెంటైట్ వరుసలు వరుసలుగా ఏర్పడడంతోనే దాని గీతలను, గట్టిదనాన్ని చాలావరకు వివరించవచ్చు. మన కమ్మరుల గొప్పతనం నిప్పు రంగు చూసి వేడిని, చేతి అంచనాతో కార్బన్ పాళ్లను పట్టుకోవడంలో ఉంది. దానికి నానో అనే బిరుదు తగిలించకపోయినా వారికి వచ్చే లోటు లేదు.

ప్రశ్న: ఫైబర్ మీదే నానోట్యూబులు మొలిపించే పద్ధతి గురించి చెప్పండి. అలాగే మా ల్యాబులో ఈ పొడిని మామూలు మాస్కుతో తూస్తున్నాం, ప్రమాదమా?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మొదటి భాగం క్లుప్తంగా. ఫైబర్ మీద ఉత్ప్రేరకం పూసి, కొలిమిలో హైడ్రోకార్బన్ వాయువు పంపితే ట్యూబులు గొంగళిపురుగు నూగులా మొలుస్తాయి. ఉండలు కట్టే బెడదా, జల్లెడ బెడదా రెండూ తప్పుతాయి, పైగా ట్యూబులు పొరల మధ్య నిలువుగా నిలబడతాయి. 2006లో సిలికాన్ కార్బైడ్ గుడ్డ మీద ఇలా మొలిపించి, పొరలు విడిపోకుండా తట్టుకునే శక్తి 348 శాతం పెరిగిందని అమెరికాలోని హవాయి విశ్వవిద్యాలయం, రెన్సెలేర్ సంస్థల పరిశోధకులు చూపారు. ఆ బృందంలో కేరళలో పుట్టిన పులిక్కల్ అజయన్ ఉన్నారు. సిలికాన్ కార్బైడ్ ఆ వేడికి తట్టుకుంటుంది. 700 డిగ్రీల కొలిమిలో గ్లాస్ ఫైబర్ బలం పోతుంది, కార్బన్ ఫైబర్ మీద రెసిన్ పట్టు కోసం వేసిన పూత మాడిపోతుంది, ఇనుప ఉత్ప్రేరకం ఫైబర్‌నే కొరుకుతుంది. అందుకే ట్యూబుల తివాచీని వేరుగా పెంచి, పొరల మధ్యకు బదిలీ చేసే పద్ధతిని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ బృందం ఎంచుకుంది.

ఇక రెండో భాగం: ప్రమాదమే, వెంటనే మానండి. పొడవైన, బిరుసైన నానోట్యూబులు ఎలుకల ఉదరకుహరంలో ఆస్బెస్టాస్ తరహా వాపు కలిగిస్తాయని 2008లో ఎడిన్‌బరో పరిశోధన చూపింది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2014లో ఒక రకం బహుళగోడల ట్యూబును మనుషులకు కేన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము మించరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. అంత కొద్ది మొత్తం గాలిలో ఉన్నా మీకు కనిపించదు.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు రెండూ దీనికి చాలవు. ముఖానికి సరిగ్గా బిగిసే ఎన్95 లేదా అంతకు మించినది కావాలి, అదీ తూకం గాలిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనో, అన్ని వైపులా మూసి ఉండే గ్లవ్ బాక్స్‌లోనో జరిగినప్పుడే. డబ్బా మూత తీసే ముందు సీలింగ్ ఫ్యాన్ కట్టేయండి. మన ల్యాబుల్లో పొడిని గదంతా చల్లేది అదే. బల్లను పొడి గుడ్డతో దులపకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో మూసి పారవేయండి. ట్యూబులు ఒకసారి రెసిన్‌లో కలిసి గట్టిపడ్డాక పలకను ముట్టుకోవడానికి భయం లేదు. దాన్ని కోసేటప్పుడు, సానబెట్టేటప్పుడు మాత్రం బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉండాలి.